బెండూ బిరడా

1987లో సంక్రాంతి వెళ్లిన వారానికి మా నాయనమ్మ గేదె కుడితి తాగడం మానేసింది. తవుడు మార్చి చూశారు. ఉప్పు వేసి చూశారు. చివరికి నాయనమ్మే తొట్టి మీదికి వంగి వాసన చూసి, వీధి దాకా వినబడేలా బాబాయిని కేకేసింది. నీళ్ల మీద రంగురంగుల నూనె తెట్టు తేలుతోంది. ముందురోజు ఆవిడ కొండ మీద వ్రతానికి వెళ్లిన పూట, బాబాయి ఆ తొట్టి అంచుకి మందపాటి టేకు పలక బిగించి, పలకకి పడవ మోటారు తగిలించి, దాని కాలుని కుడితిలో ముంచి తాడు లాగాడు. నలభై సార్లు లాగుంటాడు. మోటారు ఒక్కసారి దగ్గింది, తొట్టిలో సగం నీళ్లు గోడ మీదికి కొట్టింది, ఊరుకుంది.

"పడవ మోటారుకి పంప లేదట్రా? నా గేదె తొట్టే దొరికిందా?" అంది నాయనమ్మ.

అడిగిన దాంట్లో తప్పేం లేదు. పంపానది అన్నవరంలో మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. రత్నగిరిని చుట్టుకుని వచ్చి, కొండ కింద రిజర్వాయరుగా నిలిచే నీళ్లే అవి. ఏటా కార్తీక శుద్ధ ద్వాదశి రాత్రి సత్యదేవుణ్ణి హంసవాహనం మీద తిప్పేదీ అక్కడే. కానీ బాగుపడని మోటారుని నేరుగా నదికి తీసుకెళ్లరు. ఆరబయట ఉత్తినే తిప్పనూ కూడదు. దాని ఒంటిని చల్లబరిచేది అడుగు నుంచి తోడుకునే నీళ్లే. నీళ్లు లేకుండా తిప్పితే ముందు లోపలి రబ్బరు చక్రం మాడుతుంది, ఆ తరవాత సిలిండరు. అందుకని తొట్టి.

బాబాయి అసలు పని ఆయిలింజన్లు. శంఖవరం, రౌతులపూడి వైపు రైతుల పొలాల్లో టకటకలాడే డీజిలు ఇంజన్లకి రింగులు మార్చడం, నాజిలు కడగడం. పడవతో గానీ వలతో గానీ మా ఇంట్లో ఎవరికీ సంబంధం లేదు. ఆ మోటారు మా ఇంటికి గోదారి వల్ల వచ్చింది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ లంకల్లో జనాన్ని ఇళ్ల కప్పుల మీంచి దింపడానికి ఎక్కడెక్కడి పడవలో తెచ్చారు, ఏళ్ల తరబడి గోదాముల్లో మూలుగుతున్న మోటార్లు కూడా బయటికి లాగారు. కొన్ని పనిచేశాయి, కొన్ని చేయలేదు. చేయనివి ఆ చలికాలంలో ఒక ఆఫీసు ఆవరణలో పాత ఇనుము కింద వేలానికొచ్చాయి. బాబాయి వెళ్లింది ఒక పంపుసెట్టు కోసం. పంపుసెట్టు వేరే ఎవరో పాడుకున్నారు. ఉత్తచేతుల్తో రావడం ఇష్టం లేక, ఎవరూ కన్నెత్తి చూడని ఈ మోటారుని నూటెనభై రూపాయలకి పాడి తెచ్చాడు.

పైటోపీ రంగు పూర్తిగా పోయింది. ఒక పక్క మాత్రం సముద్రపు గుర్రం బొమ్మ సగం మిగిలింది. జాన్సన్ కంపెనీ గుర్తు అది. పలక మీద క్యూడీ అన్న అక్షరాలు తప్ప తక్కినవి తుప్పు తినేసింది. ఆ క్యూడీ అనేది 1949 నుంచి 1963 దాకా జాన్సన్ వాళ్లు తీసిన 10 గుర్రాల మోటారని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. ముందుకీ వెనక్కీ మార్చే గేరు పెట్టి, పెట్రోలు ట్యాంకుని మోటారు నెత్తి మీద కాకుండా విడిగా పడవలో పెట్టుకునేట్టు చేసినవాటిలో అది మొదటి తరం. మా మోటారుతో ఆ ట్యాంకు రాలేదు. ఆ లోటు ఎంత పెద్దదో కొన్నరోజున బాబాయికి తెలియదు.

పాతిక కిలోల పైబడిన ఆ మనిషిని, బాబాయి అలాగే అనేవాడు, గోనెసంచిలో చుట్టి బస్సు టాపు మీద వేసుకుని కాకినాడ వెళ్లాం. నేను తొమ్మిదో తరగతి. కత్తిపూడి, గొల్లప్రోలు, పిఠాపురం, ప్రతి స్టాపులో దిగి టాపు చూసి రావడం నా పని. జగన్నాథపురం వంతెన దాటాక ఉప్పుటేరు పక్కన సందులో ఒక రేకుల షెడ్డు. బయట బోర్డు లేదు. లోపల తాళ్లకి వేలాడుతూ పదీ పన్నెండు మోటార్లు, ఒక్కదానికీ పూర్తి శరీరం లేదు. ఒకదానికి తల లేదు, ఒకదానికి కాలు లేదు, ఒకదానికి ఫ్యానుండే చోట గుడ్డ చుట్టి ఉంది. వాటి కింద స్టూలు మీద కూర్చుని కార్బరేటరు ఊదుతున్నాయన మేస్త్రిగారు. ఉప్పాడ నుంచి భైరవపాలెం దాకా కిరసనాయిలు మోటారున్న పడవలవాళ్లలో ఆ షెడ్డు తెలియనివాళ్లు తక్కువ.

బాబాయి అన్నవరం ప్రసాదం పొట్లం ముందుపెట్టాడు. మేస్త్రిగారు చేతులు సర్ఫుతో కడుక్కుని, ఆకు విప్పి, గోధుమనూక ప్రసాదం సాంతం తిని, ఆకు మడిచి పక్కన పెట్టి, అప్పుడు గోనె విప్పారు.

"జాన్సనండి ఇది. ముసలోడు" అన్నారు. ఫ్లైవీలు మీద చెయ్యేసి మెల్లగా తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నారు. "ఊపిరుందండి. నెత్తురు లేదు."

ఊపిరంటే కంప్రెషను. నెత్తురంటే కరెంటు, అంటే ప్లగ్గులో నిప్పు. వీటికి బ్యాటరీ ఉండదు. ఫ్లైవీలులోనే అయస్కాంతాలుంటాయి, దాని కింద రెండు కాయిళ్లు, రెండు జతల పాయింట్లు, రెండు కండెన్సర్లు. మేస్త్రిగారు పుల్లరు బిగించి ఫ్లైవీలు లేపితే కింద కాయిళ్ల మీది పూత వేసవి చెరువులా బీటలు వారి ఉంది. ఆ నెర్రెల్లోంచి నిప్పు ప్లగ్గుకి వెళ్లకుండా దారిలోనే దిగిపోతోంది. పాయింట్లు మాత్రం బాగున్నాయి. వాటి మధ్య బీడీకాగితం పెట్టి లాగి చూశారు, తరవాత ఫీలరు గేజితో 20 థౌ సందు పెట్టారు. ఆ చేతులు ఆ పని ఎన్ని వేలసార్లు చేశాయో తెలియదు గానీ గేజి లేకుండా పెట్టిన సందు కూడా గేజి పెట్టాక అంతే ఉండేది. ఆయన గేజి వాడింది మా తృప్తి కోసమేనని ఇప్పుడనిపిస్తుంది.

కాయిళ్ల కోసం బాబాయి నెల్లాళ్లు తిరిగాడు. విశాఖలో పాత ఇనప కొట్లు చూశాడు. సర్కార్ ఎక్స్‌ప్రెస్సెక్కి మద్రాసు వెళ్లి పుదుపేటలో రెండు రోజులు తిరిగాడు. అక్కడ కార్లవీ మోటారుసైకిళ్లవీ ఏ ముక్క కావాలన్నా దొరుకుతుంది. "జాన్సన్ ఉందా" అంటే తలూపి వేరే ఏదో చూపించారట. తిరిగొచ్చి ఆ సంగతి చెప్తే మేస్త్రిగారు నవ్వి, తల లేకుండా వేలాడుతున్న ఒక మోటారు దగ్గరికెళ్లి, దాంట్లోంచి రెండు కాయిళ్లూ ఊడదీసి చేతిలో పెట్టారు.

"ఇది ఇవిన్రూడు కదండీ" అన్నాడు బాబాయి.

"టోపీ వేరండి. లోపల తమ్ముడే."

నిజంగానే తమ్ముడు. అమెరికాలో మిల్వాకీ ఊళ్లో ఓలే ఇవిన్రూడు అనే నార్వే వలస కుటుంబం కుర్రాడు, మనసుపడ్డ అమ్మాయికి ఐస్‌క్రీమ్ తేవడానికి ఎండలో చెరువు అవతలికి తెడ్డు వేసుకుంటూ వెళ్లొచ్చాడనీ, వచ్చేసరికి అది కరిగి నీళ్లయిందనీ, ఆ ఉక్రోషంలోంచే పడవ మోటారు పుట్టిందనీ కథ చెప్తారు. ఐస్‌క్రీమ్ సంగతి ఎలా ఉన్నా, 1909లో ఆయన అమ్మకానికి పెట్టింది ఒకటిన్నర గుర్రాల మోటారు, బరువు 28 కిలోలు. జాన్సన్ అన్నదమ్ముల కంపెనీ తరవాత పుట్టి, ఇవిన్రూడుకి పోటీగా ఎదిగి, అప్పుల పాలై 1936లో ఇవిన్రూడు వాళ్లలోనే కలిసిపోయింది. అక్కణ్ణుంచి ఒకే కంపెనీ, రెండు రంగులు, రెండు పేర్లు. యాభైల్లో వచ్చిన ఆ కాయిలు చిన్న మోటారు నుంచి 40 గుర్రాల మోటారు దాకా చాలావాటికి ఒకటే. మద్రాసులో బాబాయి అడిగింది తప్పు పేరు. ఇంత చరిత్ర మేస్త్రిగారికి తెలియదు. ఆయనకి తెలిసిందల్లా ఈ ముక్క ఆ గాడిలో కూర్చుంటుందని.

నిప్పొచ్చింది. అప్పుడు ట్యాంకు సంగతి బయటపడింది.

ఆ కాలపు మోటార్లకి పెట్రోలు తోడే పంపు ఉండదు. మోటారు తన కడుపులోని గాలిని ఒక గొట్టంతో ట్యాంకులోకి ఊదుతుంది, ఆ ఒత్తిడికి పెట్రోలు రెండో గొట్టంలోంచి మోటారుకి వస్తుంది. గొట్టం చూడ్డానికి ఒకటే, లోపల రెండు దారులు. ట్యాంకు మూత దగ్గర రబ్బరు సీలు ఏమాత్రం గాలి వదిలినా మోటారు ఆకలితో ఆగిపోతుంది. అలాటి ట్యాంకు కాకినాడలో లేదు. మేస్త్రిగారు గాలి దారికి బిరడా బిగించేసి, పెట్రోలు డబ్బాని వెదురుగెడకి ఎత్తుగా కట్టి గొట్టం వదిలారు, అచ్చం ఆస్పత్రిలో సెలైను సీసాలా. "మంచమ్మీదున్నోడికి ఇలాగే ఎక్కించాలండి." పెట్రోలు దానంతటదే దిగింది. దిగి, కార్బరేటరు నిండి, పొర్లి, నేల మీదికి కారింది.

బెండు మునిగిపోతోంది. కార్బరేటరు గిన్నెలో పెట్రోలు మీద తేలి, నిండగానే సూదిని పైకి నెట్టి దారి మూసేదాన్ని ఇంగ్లీషువాళ్లేమన్నా మేస్త్రిగారు బెండనే అనేవారు. వలకి కట్టేదీ బెండే, గిన్నెలో తేలేదీ బెండే, తేడా ఏముందండీ అని. మా మోటారుది పాతకాలపు బిరడా బెండు, పైన లక్కపూత. పూత లేచిపోయి, బిరడా పెట్రోలు తాగి బరువెక్కింది.

ఇంత చిన్న ముక్క కోసం మళ్లీ మద్రాసా అని బాబాయి తనే చేద్దామనుకున్నాడు. అన్నవరంలో పెళ్లిళ్లకి కొదవలేదు గనక పెళ్లి సామాను కొట్లకీ కొదవలేదు. బాసికాలకి వాడే జీలుగు బెండు కొనుక్కొచ్చి, బ్లేడుతో ముచ్చటగా గుండ్రంగా కోశాడు. మల్లెపువ్వంత తేలిక. పెట్రోల్లో వేస్తే పావుగంట తేలింది, తరవాత వత్తిలా పీల్చుకుని కిందికి దిగింది. దాన్ని పట్టుకెళ్లి చూపిస్తే మేస్త్రిగారు నవ్వలేదు. "పెళ్లికైతే సరిపోద్దండి, ఒక్క పూటే కదా" అన్నారు. అది నవ్వడమే.

ఆయన చేసింది వేరు. మందులకొట్లో పాత పెద్ద సీసాల బిరడాలు నాలుగు అడిగి తెచ్చారు. వాటిని పలకలుగా కోసి, అతికించి, గాజుపెంకుతో చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, పాతదానితో తూకం వేసి, మళ్లీ రుద్ది. పూత కోసం బాబాయిని ఏటికొప్పాక పంపారు. అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే ఆ ఊరు మాకు తుని దాటాక విశాఖ దారిలోనే. రంగు కలపని లక్క కావాలని అడిగితే అక్కడి బొమ్మలాయన ఏం బొమ్మ చేస్తున్నారని అడిగాడట. ఆ లక్కని స్పిరిట్టులో కరిగించి, పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసి, ఏడు పూతలు. ఆరేటప్పుడు షెడ్డులో దుమ్ము లేవకూడదని మేస్త్రిగారు ఆ రోజుకి వేరే పని ముట్టుకోలేదు. ఉప్పాడ పడవవాళ్లు గుమ్మంలో నిలబడి "ఏంటండీ మేస్త్రిగారూ, పూజా?" అన్నారు.

ఆ బెండు మళ్లీ మునగలేదు.

ఇక నీళ్లు తోడే రబ్బరు చక్రం. దీని దగ్గర అందరూ ఓడిపోయారు. ఇత్తడి ముక్క పోతే లేతు మీద తీయొచ్చు, ప్యాకింగు పోతే అట్ట కోయొచ్చు, రింగు పోతే వేరే మోటారుది అరగదీసి ఎక్కించొచ్చు. రబ్బరుకి మాత్రం మందు లేదు. ఆరు రెక్కలు ఒకే వంపులో ఒరుసుకుంటూ తిరగాలి, వేడికి గట్టిపడకూడదు, ఉప్పుకి పెళుసెక్కకూడదు. హవాయి చెప్పు కోసి చూశాం, లారీ టైరు కోసి చూశాం. చెప్పుది రెండు నిమిషాల్లో ముద్దయింది, టైరుది తిరగనే లేదు. ఆ ఊళ్లోని ముసలి మోటార్లన్నీ ఇంకో మోటారు చచ్చిపోతే దాని రబ్బరు పెట్టుకుని బతుకుతున్నవే. మాది కూడా అలాగే బతికింది. ఒకరి ఇవిన్రూడుకి గేరు పళ్లు పోయి వదిలేస్తుంటే, దాని రబ్బరు మాకు, దాని ఫ్యాను ఇంకొకరికి, దాని పైటోపీ ఒకరి కోళ్లగూటికి. బదులుగా మేం ఇచ్చింది డబ్బు కాదు, ఆ ఇవిన్రూడు యజమాని ఆయిలింజనుకి రింగులు మార్చిపెట్టడం.

చివరికి ఒక తెల్లవారుజామున పంపలో దింపాం. ఎవరినీ అడగలేదు, అడిగితే వద్దంటారని. పడవ ఒక చేపలాయనది, వెనక భాగం మొనదేలి ఉండేది. ఈ మోటార్లు తగిలించడానికి బల్లపరుపు వెనకపలక కావాలి, మన పడవలకి అది ఉండదు. తాళ్లరేవు వడ్రంగులు మోటారు కొన్నవాళ్లకి పక్కన కొయ్య దిమ్మ అమర్చేవాళ్లు, అది చూసొచ్చి బాబాయి అలాటిదే బిగించాడు. 24 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు నూనె. మూడోసారి లాగితే అందుకుంది. తొట్టిలో వినిపించిన దగ్గు కాదు. నీలంపొగ నీళ్ల మీద పరుచుకుని, కొంగలన్నీ ఒకేసారి లేచాయి. ఒక పక్కనుంచి పడవ వాలుగా పరిగెడుతుంటే బాబాయి ఒక చేత్తో మోటారునీ ఇంకో చేత్తో పెట్రోలు డబ్బా గెడనీ పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మొహం ఎలా ఉందో చూద్దామనుకున్నాను గానీ చీకటి.

ఇరవై నిమిషాలు. తరవాత నీళ్లలో మునిగున్న మొద్దుకి ఫ్యాను తగిలి షేర్‌పిన్ను తెగింది. తెగడానికే పెట్టిన ఇత్తడి పుల్ల అది. అది తెగితే గేరు బతుకుతుంది. బదులు పిన్నూ లేదు, తెడ్డూ లేదు. చెప్పులు చేతులకి తొడుక్కుని నీళ్లు తోసుకుంటూ ఒడ్డుకి వచ్చేసరికి కొండ మీద సుప్రభాతం అయిపోయింది. మేకు కోసి పెట్టేద్దామన్నాను నేను. మేకు తెగదురా, గేరుని తెంపుతుంది అన్నాడు.

తరవాత అయిదారేళ్లు అది మాతో ఉంది. చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు. చుట్టాలొస్తే ఒక చుట్టు తిప్పేవాడు.

ఈలోగా తీరం మారింది. ఎనభైల్లో సబ్సిడీల మీద వచ్చిన యమహా, సుజుకీ మోటార్లు పెట్రోలుతో అందుకుని కిరసనాయిలు మీద నడిచేవి. రేషను నీలి కిరసనాయిలు వాసన ఉప్పాడ గాలిలో చేపల వాసనతో పోటీపడేది. చెన్నై కేంద్రంగా 1979లో మొదలైన ఎఫ్‌ఏఓ బంగాళాఖాత కార్యక్రమం వాళ్లు ఇసక మీదికి లాగగలిగే డీజిలు పడవల మీద చాలా ప్రయోగాలు చేశారు. చివరికి నెగ్గింది చిన్న డీజిలు ఇంజను, దాని వెనక పొడుగాటి కమ్మీ, కమ్మీ చివర ఫ్యాను. గ్రీవ్స్ లొంబార్డినిలాటి ఇంజను మన దేశంలోనే తయారవుతుంది, ముక్కలు ఎక్కడైనా దొరుకుతాయి, మా బాబాయిలాటి పొలాల మేస్త్రీ కూడా బాగుచేయగలడు. 2004 సునామీ తరవాత ఫైబరు తెప్పలు వచ్చాక కొయ్య నావలూ తగ్గాయి. నాకు దీని మీద ఫిర్యాదేమీ లేదు. డీజిలు ఇంజను చప్పుడికి మాట వినబడదు, అంతే.

1996 నవంబరు 6 తుఫానులో మేస్త్రిగారి షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. తాళ్లకి వేలాడిన మోటార్లు ఉప్పునీళ్లలో నాలుగు రోజులున్నాయి. అప్పటికే రావలసినవాళ్లు రావడం తగ్గింది. ఆయన రేకులు మళ్లీ వేయలేదు. వంతెన దాటి ఆ సందులోకి ఎప్పుడైనా వెళ్తే అక్కడిప్పుడు వాటర్ క్యాన్ల గోదాము. ఆ మోటార్లు చేసిన అమెరికా కంపెనీ సంగతి కూడా చూస్తే, జాన్సన్ ఇవిన్రూడు కంపెనీ 2000 డిసెంబరులో దివాలా తీసింది. చేతులు మారిన ఇవిన్రూడు పేరుతో కూడా 2020లో తయారీ ఆపేశారు.

మోటారు ఇప్పటికీ మా అటక మీద ఉంది. కిందటేడు దించాను. కాయిలులో నిప్పుంది, తాడు లాగితే ఊపిరీ ఉంది. బంకులో లీటరు పెట్రోలు తెచ్చి నూనె కలిపి పోసి, అత్యవసరమైన పనేదో తగిలి నాలుగు రోజులు వదిలేశాను. తిరిగొచ్చేసరికి కిందంతా తడి. గిన్నె విప్పితే బెండు వేలికి జిగురులా అంటుకుంది. ఇప్పటి పెట్రోల్లో అయిదో వంతు ఇథనాలు. అంటే సారాయి జాతిదే. లక్కని కరిగించడానికి మేస్త్రిగారు వాడిన స్పిరిట్టుదీ ఆ జాతే. ఒకనాడు పూత వేసిందే, ఈనాడు పూత తీసేసింది. ఏడు పూతలూ పోయి కింద మందులకొట్టు బిరడా బయటపడింది, అతుకులు అలాగే ఉన్నాయి, గాజుపెంకు గీతలతో సహా.

ఎపాక్సీ పూస్తే ఆగుతుందంటున్నారు. పూయాలి.

పూతకి ముందు పాత సామాను చూద్దామని బాబాయి పెట్టె తీశాను. ఆయన పోయి తొమ్మిదేళ్లు. పెట్టె నిండా హార్లిక్సు సీసాలు, ఒక్కోదాని మీద అంటించిన కాగితం మీద ఆయన దస్తూరీ. 'పాయింట్లు - మంచివి'. 'పాయింట్లు - రుద్దితే మంచివి'. 'షేర్‌పిన్నులు, ఇత్తడివి, మేకులు కలపకు'. 'చెప్పు రబ్బరు, పనికిరాదు' అని రాసి మరీ దాచాడు. అడుగున ఒక సీసాలో నల్లబడ్డ చిన్న ఇత్తడి ముక్క ఒక్కటే ఉంది. ఒక వైపు మర, ఇంకో వైపు సన్నని గాడి. మా మోటారు అంతా వెతికాను, ఎక్కడా కూర్చోవడం లేదు. సీసా మీద ఇలా ఉంది: 'దేనిదో తెలీదు. పారెయ్యకు'.